చిన్నపో

మేత వేసి చూసే చెక్ ట్రేని నీళ్ళలోంచి పైకి లాగి చిన్నపోలయ్య దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక కంటిని పొర పూర్తిగా కమ్మేసింది, రెండోదీ అదే దారి పట్టింది. అందుకని రొయ్యలు మేత తిన్నాయో లేదో చూపుతో కాదు, వేళ్ళతో చూస్తాడు. ట్రేకి కట్టిన వలగుడ్డ మీద వేలు నున్నగా జారితే తిన్నట్టు, పిండిపిండిగా తగిలితే తిననట్టు. ఈ పొద్దు పిండిపిండిగా తగిలింది. గాలి బొత్తిగా ఆడటం లేదు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వచ్చే దారికి అటూ ఇటూ రొయ్యల గుంటలన్నీ నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి.

"తిన్లేదు అబ్బయా!" అని గట్టు మీది పాక వైపు కేకేశాడు.

గుంటల సూపర్‌వైజర్ మధుబాబు పాకలో మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో యుద్ధం చేస్తున్నాడు.

చిన్నపోలయ్యని గుంటల మీద ఎవరూ నిండు పేరుతో పిలవరు. అందరికీ అతను 'చిన్నపో'. దానికి కారణం ఆ ఫోనులో ఆటే. ఆటలో మనకొక దండు ఉంటుంది. కత్తివాళ్ళు, విల్లు పట్టిన పిల్ల, మంత్రగాడు, డాలువాడు. గళ్ళు గీసిన నేల మీద ఒకసారి ఎత్తు వేసే వంతు మనది, ఇంకోసారి శత్రువుది. చిన్నప్పుడు ఇసకలో పులిమేక ఆడినవాడు గనక ఆ సంగతి చిన్నపోలయ్యకు తొందరగానే పట్టుబడింది. దండులో ఒక్కొక్కరికీ మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. మధుబాబు మంత్రగాడికి తన పేరే పెట్టుకున్నాడు. కత్తివాళ్ళకి స్నేహితుల పేర్లు పెట్టాడు. విల్లు పట్టిన పిల్లకి ఉష అని పెట్టాడు. ఆ ఉష ఎవరని అడిగితే చెవులు ఎర్రబడతాయి గాని నోరు పెగలదు. చివరికి డాలువాడు మిగిలాడు. డాలువాడంటే అందరికంటే ముందు నిలబడి అందరి దెబ్బలూ తినేవాడు. ఈ పాడు పని ఎవరికి అంటగడదామా అని తలెత్తి చూస్తే, ఎదురుగా మేత బస్తా మోసుకుంటూ చిన్నపోలయ్య వస్తున్నాడు. ఇంకేం కావాలి! అయితే ఇంగ్లీషు అక్షరాలు కొట్టుకుంటూ పోతుంటే పేరు మధ్యలోనే చోటు అయిపోయింది. 'చిన్నపో' దగ్గర ఆగింది.

"చిన్నా, పో! బలే కుదిరింది మామా," అని మధుబాబు పడీపడీ నవ్వాడు.

ఆ రోజు నుంచీ అదే పేరు. పిలుపూ, పురమాయింపూ ఒక్క ముక్కలో అయిపోతాయి. మరొకడైతే మొహం చిట్లించుకునేవాడు. చిన్నపోలయ్య సంబరపడ్డాడు. నిగనిగలాడే ఇనప చొక్కా తొడుక్కుని, తలుపంత డాలు పట్టుకుని, తన పేరుతో ఒక మనిషి నిలబడి ఉంటే ఆ మాత్రం సంబరం ఉండదా? చదవడం రాకపోయినా ఆ డాలువాడి నెత్తిన ఉన్న అక్షరాల వరస మాత్రం గుర్తుపట్టేవాడు. పని మధ్యలో పాక దగ్గరికి వచ్చి, తడి చేతులు తుండుకి తుడుచుకుని, గుమ్మంలోంచే అడిగేవాడు.

"నేను ఉండానా అబ్బయా, పోయినానా?"

"ఉండావులే మామా. నీకు చావు యాడుంది!"

అంతే. ఆ మాటతో కడుపు నిండినట్టు మళ్ళీ నీళ్ళలోకి పోయేవాడు.

నవ్వొస్తుందా? నవ్వండి, వాళ్ళ పాలెంలో అందరూ నవ్వారు. కానీ అతని బతుకు చూస్తే అంత నవ్వు రాదు. అన్న పెదపోలయ్యకు పడవ ఉండేది. చిన్నపోలయ్య ఆ పడవలో ఉండేవాడు, అంతకంటే ఏమీ లేదు. అలలు విరిగే చోట పడవని నెట్టేటప్పుడు ముందు మొనకి అతనే. అడుగున రాతికి వల చిక్కుకుంటే ఊపిరి బిగబట్టి దిగేదీ అతనే. ఒకసారి అట్లాగే దిగాడు. వల విడిపించి పైకి తేలేసరికి పడవ లేదు. ఈదురుగాలి ఎత్తుకుంటే వాళ్ళు వల లాక్కుని ఒడ్డుకి వెళ్ళిపోయారు. కింద మనిషి ఉన్నాడని ఎవరికీ గుర్తు రాలేదు. తెల్లారిందాకా ఈదీఈదీ ఒడ్డున పడితే అన్న వచ్చి, "మరిచిపోయినాం రా చిన్నా," అన్నాడు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. పెదపోలయ్య పోయి, పడవ చేతులు మారాక చిన్నపోలయ్య గుంటల మీదికి వచ్చాడు. ఆ 'మరిచిపోయినాం' అన్న మాట మాత్రం అతని ఒంట్లోంచి పోలేదు. ఆటలో దండంతా ఒక చోటు నుంచి ఇంకో చోటికి దాటినప్పుడల్లా, చివర్న డాలువాడు కూడా నడుచుకుంటూ పోతుంటే, అతనికి గుండె నిమ్మళించేది. ఈసారి ఎవరూ మరిచిపోలేదు.

నిన్నటితో ఆ నిమ్మళం పోయింది.

ఆట కడపటి అంకానికి వచ్చింది. వంతెన మీద బాసు. మొదట్లో ఈ మాట విని చిన్నపోలయ్య హడలిపోయాడు. గుంటల యజమాని సుకుమార్‌ని కూడా అందరూ బాసు అనే పిలుస్తారు మరి. "బాసుని లేపేస్తాం మామా," అని మధుబాబు అంటే, "వొద్దు అబ్బయా, పిలకాయలు గలోడు," అని చేతులు పట్టుకున్నాడు. అది వేరే బాసు అని తెలిశాక తనూ నవ్వాడు. ఈ బాసు కొమ్ములున్నవాడు, తాడిచెట్టంత సుత్తి తిప్పుతాడు, దగ్గరగా ఎవడుంటే వాడి మీద వేస్తాడు. మధుబాబు ఎన్నిసార్లు పోరాడినా ఓడిపోయాడు. నిన్న సాయంత్రం మంచం మీద లేచి కూర్చుని తొడగొట్టాడు.

"దొరికింది మామా ఉపాయం. నిన్ను వంతెన నడిమధ్యలో నిలబెడతాను. బాసుగాడు నీ మీదికి వస్తాడు. నేను యీడ్నుంచి మంత్రం వేసి వంతెన కూల్చేస్తాను. వాడూ పోతాడు, నువ్వూ పోతావు. మేమంతా అవతలికి పోతాం."

"నేను మళ్ళీ రానా?"

"ఈ ఆటలో పోయినోడు పోయినట్టే. రేపు నీ కర్మంతరం, వొచ్చి చూసుకో."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అన్నారా? చిన్నపోలయ్య ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికాడు. అతని భార్య గురవమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె నోరు కూడా ఎండుచేపలాంటిదే, ముల్లు లేకుండా మాట ఉండదు. సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"బొమ్మ చస్తే ఏడుస్తాండావా? వాడు నిన్ను ముందు పెట్టింది దొరవని అనుకున్నావా, దిష్టిబొమ్మ అనుకుని పెట్టినాడు. గొర్రె కసాయోణ్ణే నమ్మినట్టుంది నీ యవ్వారం."

అని తిట్టింది గాని, పొద్దున్నే సద్దికూడు క్యారియర్‌లో సర్దేటప్పుడు దాచుకున్న ఎండు వంజరం ముక్కలు ఆకులో చుట్టి మరీ ఇచ్చింది. "ఆ అబ్బికి ఇచ్చి అడుక్కో పో," అంది. భుజాన ఎర్రగళ్ళ తుండు కూడా ఆమే వేసింది. నెల్లూరు రొట్టెల పండక్కి పోయి మొగుడి కళ్ళకోసం ఆరోగ్యం రొట్టె పట్టుకున్నప్పుడు కొన్న తుండు అది. రొట్టె తిన్నా కళ్ళు రాలేదు. తుండు మాత్రం గట్టిది, రంగు కూడా దిగలేదు.

దారిలో పోలేరమ్మ రాయి దగ్గర చిన్నపోలయ్య ఆగాడు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, తుండు మూలన రూపాయి బిళ్ళ పెట్టి ముడి వేశాడు. "అమ్మా, నన్ను వంతెన దాటించు. దాటితే ఈ ముడుపు నీ కాళ్ళ దగ్గరే విప్పుతాను," అని మొక్కుకున్నాడు. వంతెన ఫోనులో ఉందని అమ్మవారికి చెప్పలేదు. అడగకుండా చెప్పడం ఎందుకని ఊరుకున్నాడు.

ఇప్పుడు ట్రే నీళ్ళలోకి దించి, ఒళ్ళు తుడుచుకుని, ఆకు పొట్లం పట్టుకుని పాకలోకి వచ్చాడు. మధుబాబు వాసన పట్టి తలెత్తాడు.

"ఏంది మామా, లంచమా?"

"నన్ను దాటించు అబ్బయా. ఇంకో ఉపాయం చూడు. నువ్వు చదువుకున్నోడివి, నీకు తట్టదా?"

మధుబాబు వంజరం ముక్క ఒకటి నోట్లో వేసుకుని నమిలాడు. ముసలాడి ముఖంలోకి చూశాడు. ఆ పొర కమ్మిన కళ్ళలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఇంకొకడైతే అక్కడ సిగ్గుపడేవాడు. మధుబాబుకి మాత్రం పని ఒకటి కలిసొచ్చినట్టు తోచింది.

"కుదురుగా ఆడితే దాటించొచ్చు. కానీ నాకు కుదురేదీ? మేత చల్లాల, మందు కలపాల, బాసు ఫోన్లు ఎత్తాల. నా పన్లు గూడా నువ్వు చూసుకుంటే..."

"చూసుకుంటా. అన్నీ చూసుకుంటా."

"అయితే చిన్నా, పో!"

చిన్నపోలయ్య పోయాడు. తన పనీ, మధుబాబు పనీ కలిపి ఎత్తుకున్నాడు. మేత బస్తాలు మోశాడు. తెప్ప మీద నిలబడి గుంటలన్నీ తిరుగుతూ చల్లాడు. సున్నం కలిపి పోశాడు. కాళ్ళు వణుకుతున్నా ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది. పక్క గుంటల మీద పనిచేసే పెంచల్ గట్టు మీద ఎదురుపడి, "ఏంది చిన్నపో, ఒళ్ళు తెలీకుండా పరిగెత్తతాండావు?" అని అడిగాడు.

"ఈ పొద్దు వంతెన దాటాల రా," అన్నాడు చిన్నపోలయ్య. పెంచల్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ముసలాడికి మతి చలించిందని అనుకుని తన దారిన తను పోయాడు.

పొద్దు ఎక్కే వేళకి కరెంటు పోయింది. జనరేటర్ రిపేరుకి పోయి ఇంకా రాలేదు. గాలి లేదు, నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటర్ లేదు. రొయ్యలు ఊపిరాడక గట్ల వెంట తేలడం మొదలుపెట్టాయి. సుకుమార్ నెల్లూరు నుంచి ఫోను చేసి మధుబాబుని నానా మాటలూ అన్నాడు. నడిమి గుంటలో ఏరేటర్ చక్రాలకి నాచూ, చిరిగిన వలా చుట్టుకుని నిన్నటినుంచి తిరగడం లేదు. కరెంటు వచ్చేలోపల అది విడిపించి తీరాలన్నాడు.

"మామా, నడిమి గుంట ఏరేటర్!"

"ఇప్పుడు నా వంతు వచ్చిందా?" అన్నాడు చిన్నపోలయ్య.

"వంతెన కాడికి వొచ్చినాం. నువ్వు పో, నేను చూసుకుంటా."

గుంటల మీద ఒక కట్టుబాటు ఉంది. ఏరేటర్ బాగు చెయ్యడానికి నీళ్ళలోకి దిగే మనిషి, గట్టు మీది స్టార్టర్ పెట్టెకి తన తుండు వేలాడేసి దిగుతాడు. పెట్టె మీద తుండు ఉందంటే నీళ్ళలో మనిషి ఉన్నట్టు. కరెంటు వచ్చినా, యజమానే వచ్చి అరిచినా, రొయ్యలన్నీ చచ్చి తేలినా, ఆ తుండు ఉన్నంతసేపు ఎవడూ మీట ముట్టకూడదు. వేసినవాడే వచ్చి తియ్యాలి. ఏ ఆఫీసూ చెప్పిన రూలు కాదిది, పోయినవాళ్ళని చూసి ఉన్నవాళ్ళు పెట్టుకున్నది. సముద్రం మీద ఒకసారి మరిచిపోబడ్డవాడు గనక చిన్నపోలయ్య ఆ తుండు వెయ్యకుండా ఏనాడూ దిగలేదు. ఇప్పుడూ వేశాడు. ముడుపు ముడి ఊడి నీళ్ళలో పడకుండా లోపలి వైపుకి తిప్పి మరీ వేశాడు.

మోటారు దగ్గర వైరు అతుకుకి చుట్టిన టేపు ఊడి వేలాడుతోంది. దాని సంగతి మధుబాబుకి చెప్పీచెప్పీ అలిసిపోయాడు. కరెంటే లేనప్పుడు భయమెందుకని గుండెలోతు నీళ్ళలో నిలబడి, చక్రం రెక్కల మధ్య చేతులు దూర్చి నాచు పోగులు లాగసాగాడు.

పాకలో ఉక్కబోసింది. ఫ్యాను లేదు. మధుబాబు మంచం ఈడ్చుకుని గట్టు మీదికి వచ్చి, స్టార్టర్ పెట్టె పక్కనే వేసుకున్నాడు. ఎండ ఫోను మీద పడి అద్దం తెల్లగా మెరిసింది. బాసు ఎక్కడున్నాడో, తన దండు ఎక్కడుందో కనపడలేదు. అరచెయ్యి అడ్డం పెట్టాడు, చాలలేదు. కళ్ళు ఫోను మీదనుంచి తియ్యకుండానే చెయ్యి చాపి, చేతికి తగిలిన గుడ్డ లాగి నెత్తిన కప్పుకుని, ఆ నీడలోకి ఫోను దూర్చాడు. ఇప్పుడు బ్రహ్మాండంగా కనిపించింది.

నీళ్ళలోంచి చిన్నపోలయ్య తలెత్తి చూశాడు. పొర కమ్మిన కంటికి గట్టు మీద ఎర్రటి మచ్చ ఒకటి ఆనింది. పెట్టె మీద తన తుండే అనుకున్నాడు. తరవాత ఆ మచ్చ కదిలింది. అయితే అది మధుబాబే, ఎండకి ఏదో కప్పుకుని కూర్చున్నాడు, తన కోసమే అంత శ్రద్ధగా ఆడుతున్నాడు అనుకున్నాడు. వాళ్ళమ్మ కడుపు చల్లగుండ, మాట మీద నిలబడే పిల్లాడని మురిసిపోయాడు.

మాట మీద నిలబడే పిల్లాడు ఆ క్షణాన డాలువాణ్ణి వంతెన నడిమధ్యకే తోశాడు. నిన్నటి ఉపాయమే. వేరే ఉపాయం వెతికే ఓపిక అతనికి ఏ కోశానా లేదు, ముసలాడికి తర్వాత ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. బాసు వచ్చాడు, సుత్తి ఎత్తాడు, వేశాడు. దెబ్బ తప్పింది. వందకో వెయ్యికో ఒకసారి అట్లా తప్పుతుంది. సుత్తి వంతెన రాతిలో ఇరుక్కుంది. ఉష బాణం వేసింది, కత్తివాళ్ళు చుట్టుముట్టారు, మంత్రం వంతెన మీద కాక బాసు మీద పడింది. కొమ్ములు నేలకి తగిలాయి.

"నేను ఉండానా అబ్బయా?" అని నీళ్ళలోంచి కేక వినిపించింది.

"ఉండావు మామా!" మధుబాబు గంతేసినంత పని చేశాడు. "బాసుగాడు సచ్చినాడు! నువ్వు దాటేసినావు!"

చిన్నపోలయ్య నీళ్ళు అరచేతుల్తో చరిచి నవ్వాడు. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. పరిగెత్తి గట్టెక్కి తన నడకని కళ్ళారా చూసుకోవాలని కాళ్ళు లాగాయి. కానీ రెక్కకి వల పోగు ఒకటి ఇంకా చుట్టుకునే ఉంది. పని సగంలో వదిలి పోతే ఆ పిల్లాడికి ఇచ్చిన మాట ఏమవుతుంది? ఈ ఒక్క పోగూ తీసి పోదామని మళ్ళీ వంగాడు.

ఆటలో పాట మోగుతుండగానే సుకుమార్ ఫోను వచ్చింది.

"కరెంటొచ్చిందంట గదరా! ఏరేటర్లు వేసినావా లేదా?"

"వేస్తాండా సార్, వేస్తాండా."

మధుబాబు లేచాడు. ఒక చెవిన సుకుమార్ తిట్లు. కళ్ళ ముందు ఇంకా వంతెన. ఇందాక నీళ్ళలోంచి కేకేసిన మనిషి గుర్తు లేడు. అలవాటు ప్రకారం మీట ముట్టేముందు పెట్టె వైపు చూశాడు. చూడలేదని అనకూడదు, చూశాడు. పెట్టె మీద తుండు లేదు. పచ్చ మీట నొక్కాడు.

అరుపేమీ వినపడలేదు. చక్రాలు ఒకసారి గునిసి, తరవాత నీళ్ళని తెల్లగా చిమ్ముతూ తిరగసాగాయి. గట్ల వెంట తేలిన రొయ్యలు మెల్లగా లోపలికి మళ్ళాయి. మధుబాబు నుదుటి మీది చెమట తుడుచుకోబోయి, చేతికి తగిలిన గుడ్డ ఏమిటా అని కిందికి లాగి చూశాడు. ఎర్రగళ్ళు.

మీట ఆపాడు. పెంచల్‌ని కేకెయ్యాలి, నీళ్ళలోకి దూకాలి, ఏదో ఒకటి చెయ్యాలి. వాటన్నిటికంటే ముందు అతను చేసింది ఒకటే. పాకలోకి పరిగెత్తి, తుండూ దానితోపాటు చేతిలో ఉన్న ఫోనూ మేత బస్తాల వెనక్కి విసిరేశాడు. ఆ తరవాతే నోరు తెరిచి అరిచాడు.

పెంచలూ, ఇంకొందరూ దిగి చిన్నపోలయ్యని గట్టు మీద పడుకోబెట్టారు. పిడికిట్లో వల పోగు ఉంది. సుకుమార్ కారేసుకుని వచ్చి ముందు రొయ్యల్ని చూశాడు, తరవాత మనిషిని చూశాడు.

"తుండు వెయ్యలేదా?"

"వెయ్యలేదు సార్," అన్నాడు మధుబాబు. "పెట్టె చూసే నొక్కినాను. పోలేరమ్మ మీద ఒట్టు, పెట్టె మీద ఏమీ లేదు."

అబద్ధపు ఒట్టు కూడా కాదది. అందుకే అంత ధైర్యంగా వేశాడు. అందరూ తలలు ఊపారు. పొద్దున్నించీ ఒళ్ళు తెలీకుండా తిరుగుతున్నాడని, వంతెనా గింతెనా అని ఏదో వాగాడని పెంచల్ చెప్పాడు. ఆట పిచ్చిలో పడి తుండు మరిచాడు, ఎవరి ఖర్మ వాళ్ళది అని తేల్చారు. మనిషి పోయిన కాసేపటికే తప్పు కూడా అతని ఖాతాలోనే పడిపోయింది.

గురవమ్మ వచ్చింది. ఏడవలేదు. మొగుడి భుజం తడిమి చూసింది, నడుం తడిమి చూసింది.

"ఆయన తుండు యాడ?"

పెంచల్ ఖాళీగా ఉన్న పెట్టె వైపు చూపించాడు.

"నేనే వేసినా భుజాన. నడి సముద్రంలో వొదిలేసి పోయినప్పటి నుంచీ తుండు వెయ్యకుండా నీళ్ళలో కాలు పెట్టేవోడు కాదు. పెట్టె మీద లేకపోతే ఒంటి మీద ఉండాల గదా. యాడ పోయింది?"

"నీళ్ళలో కొట్టుకుపోయుంటుందిలే అక్కా," అన్నాడు మధుబాబు, నేల చూపులు చూస్తూ.

"గుంట నీళ్ళు యాడికి కొట్టుకుపోతాయిరా?" అంది గురవమ్మ.

సుకుమార్ గొంతు సవరించుకుని, ముందు శవాన్ని ఇంటికి చేర్చండి, పొద్దు పోతోందన్నాడు. నలుగురు కలిసి ఎత్తారు. ఈసారి అతన్ని ముందు పెట్టి, మిగతా అందరూ వెనక నడిచారు. పోలేరమ్మ రాయి దగ్గర ఎవరూ ఆగలేదు.

మేత బస్తాల వెనక ఫోను ఇంకా వెలుగుతోంది. వంతెన అవతల పచ్చిక మీద దండంతా నిలబడి ఉంది. చివర్న డాలువాడు, నెత్తిన సగం పేరుతో, ఎటు పొమ్మంటారో అని తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. కాసేపటికి ఆ వెలుతురు కూడా ఆరిపోయింది. దాని మీద ఉండచుట్టుకుని పడి ఉన్న ఎర్రగళ్ళ తుండు మాత్రం మిగిలింది, మూలన రూపాయి బిళ్ళతో వేసిన ముడి వేసినట్టే ఉంది.